అద్దాల మేడ కట్టిన అమ్మమ్మ

కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్ళ మాటలు ఎప్పుడైనా శ్రద్ధగా విన్నారా? స్థలం ఎక్కడ, అప్పు ఎంత పుడుతుంది, గుమ్మం ఏ దిక్కుకి పెట్టాలి... ఇవన్నీ మగవాళ్ళు మాట్లాడుకుంటారు. ఆఖర్న వంటింటి గట్టు ఎంత ఎత్తుండాలో మాత్రం మనల్ని అడుగుతారు. కిటికీ ఎక్కడ కావాలి, ఎంత కావాలి అని అడిగేవాళ్ళు తక్కువ. పగలల్లా ఆ ఇంట్లో ఉండేది మనమే అయినా సరే!

ఇప్పుడు పట్నాల్లో కొత్త అపార్ట్‌మెంట్లకి నేల నుంచి కప్పుదాకా అద్దాలు బిగిస్తున్నారు. బాల్కనీలకీ అద్దాలే. ఇదంతా ఈ కాలపు సరదా అనుకుంటాం. కానీ గోడ కంటే గాజే ఎక్కువగా కనబడే ఇల్లు నాలుగు వందల ఏళ్ళ కిందటే ఒక ఆడమనిషి కట్టించింది. అదీ అరవై దాటాక, తన డబ్బుతో, తన పేరు మీద. ఆవిడ పేరు ఎలిజబెత్. ఇంగ్లండు చరిత్రలో ఆ పేరు చెబితే ముందు రాణిగారే గుర్తొస్తారు కాబట్టి ఈవిడని అందరూ హార్డ్‌విక్ బెస్ అంటారు. బెస్ అంటే ఎలిజబెత్‌కి ముద్దుపేరు.

ఈవిడ గురించి పుస్తకాల్లో సాధారణంగా రెండు మాటలు రాస్తారు. నలుగురు మొగుళ్ళని చేసుకుంది, ప్రతి పెళ్ళితోనూ ఇంకాస్త డబ్బున్నదైంది అని. రెండూ నిజమే. కానీ కథలు రాసే అలవాటున్న దాన్ని కనుక నాకు ఆ లెక్క దగ్గర ఆగబుద్ధి కాలేదు. ఆ మేడ కట్టడానికి ముందు ఆవిడ చెయ్యిజారిన ఇళ్ళున్నాయి. ఆ మేడ కట్టాక ఆవిడకి దూరమైన మనిషి ఉంది. ఆ రెండూ చెప్పుకోకుండా కిటికీలు మాత్రమే చూస్తే బెస్ మనకి సగమే కనబడుతుంది.

తండ్రి లేని పిల్ల

ఇంగ్లండు మధ్యభాగంలో డెర్బీషైర్ అని ఒక జిల్లా ఉంది. కొండలు, గొర్రెల మందలు, సీసం గనులు ఉన్న ప్రాంతం. అక్కడ హార్డ్‌విక్ అనే చోట, కాస్త భూమి ఉన్న మామూలు కుటుంబంలో 1527 ప్రాంతంలో బెస్ పుట్టింది. ఊహ తెలియకముందే తండ్రి పోయాడు. ఆ రోజుల్లో అక్కడ వారసుడు మైనరైతే అతను పెద్దవాడయ్యేదాకా భూముల మీద పెత్తనం రాజుగారి ప్రభుత్వానికి పోయేది. ఇంటి యజమాని పోయిన దుఃఖం ఒకవైపు, ఆ ఇంటి రాబడికి పరాయివాళ్ళు లెక్కలు కట్టడం ఇంకోవైపు. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. ఆ మారుతండ్రి కూడా అప్పులపాలైనవాడే. ఇలాంటి ఇంట్లో పెరిగిన పిల్లకి కాగితం విలువ చిన్నప్పుడే తెలిసి ఉంటుంది.

పదిహేనో పదహారో ఏట పెళ్ళయింది. పెళ్ళికొడుకు రాబర్ట్ బార్లో ఆమె కంటే చిన్నవాడు. కాపురమంటూ మొదలైందో లేదో, 1544 చివర్లో అతను చనిపోయాడు. భర్త పోయిన స్త్రీకి అతని భూముల రాబడిలో మూడో వంతు రావాలని అక్కడి చట్టం. అత్తింటివారు ఇవ్వలేదు. చిన్నపిల్ల, ఏం చేస్తుందిలే అనుకున్నారేమో! బెస్ కోర్టుకెక్కింది. కొన్నేళ్ళు పట్టినా తన వాటా తను తెచ్చుకుంది. ఆ తర్వాత జీవితమంతా ఆవిడ కోర్టు మెట్లకి భయపడలేదు.

1547 ఆగస్టులో రెండో పెళ్ళి. వరుడు సర్ విలియం కావెండిష్, రాజుగారి ఖజానాలో పెద్ద ఉద్యోగి. అప్పటికే రెండుసార్లు భార్యల్ని పోగొట్టుకున్నవాడు, వయసులో ఈమెకి సుమారు ఇరవయ్యేళ్ళు పెద్ద. ఆ పెళ్ళి రాత్రి రెండు గంటలకి జరిగింది! మన ముహూర్తాలు తెలిసినవాళ్ళకి ఇదేమీ వింత కాదు కానీ, అక్కడివాళ్ళు ఈ సంగతిని ఇప్పటికీ ఆశ్చర్యంగా చెప్పుకుంటారు. ఈ కాపురం బాగానే సాగింది. ఎనిమిదిమంది పిల్లలు పుట్టారు, ఆరుగురు మిగిలారు. దక్షిణాన ఉన్న భూములమ్మి, 1549లో బెస్ పుట్టిన జిల్లాలోనే చాట్స్‌వర్త్ అనే ఎస్టేటు కొన్నారు. అక్కడ ఇల్లు మొదలుపెట్టారు. బెస్‌కి ఇళ్ళు కట్టే పిచ్చి పట్టుకుంది అక్కడే.

1557లో ఖజానా లెక్కలు తనిఖీ చేస్తే కావెండిష్ లెక్కలో అయిదు వేల పౌండ్లకి పైగా తేడా వచ్చింది. ఆ కాలంలో అది ఊహకందని మొత్తం. అదే ఏడు అక్టోబరులో ఆయన పోయాడు. ముప్పయ్యేళ్ళ బెస్‌కి మిగిలింది ఆరుగురు పిల్లలు, సగం కట్టిన ఇల్లు, ప్రభుత్వానికి బాకీ. ఇల్లు అమ్మేసి ఊరుకోమని చెప్పేవాళ్ళు అప్పుడూ ఉండే ఉంటారు. ఆవిడ అమ్మలేదు.

1559లో ఎలిజబెత్ రాణి అంగరక్షక దళ నాయకుడు సర్ విలియం సెంట్ లోని పెళ్ళి చేసుకుంది. ఆ పాత బాకీ వెయ్యి పౌండ్లకి తెగింది, దాన్ని ఆయనే తీర్చాడు. 1565లో చనిపోతూ ఆస్తంతా భార్యకే రాసిపెట్టాడు. అతని తరఫు వాళ్ళకి కడుపు మండింది, కానీ కాగితం గట్టిగా ఉంది.

ఇల్లు ఆమెది, హక్కు ఆయనది

నాలుగో భర్త జార్జ్ టాల్బట్, ష్రూస్‌బరీ ప్రభువు. 1567లో పెళ్ళి. దేశంలో అంత డబ్బున్నవాళ్ళు అరుదు. ఈ పెళ్ళి ఒక్కటే కాదు, బెస్ కూతుర్ని ఆయన కొడుక్కి, బెస్ కొడుక్కి ఆయన కూతుర్ని కూడా ఇచ్చి చేశారు. మన కుండమార్పిడి లాంటిదే. ఆస్తి చెదరకుండా చూసుకోవడం ఏ దేశంలోనైనా ఒకటే తీరు కదూ!

రెండేళ్ళు తిరక్కుండానే ఆ ఇంటికి ఒక అతిథి వచ్చింది. స్కాట్లండు నుంచి పారిపోయి వచ్చిన మేరీ రాణి. ఆమె తన సింహాసనానికి ఎసరు పెడుతుందని ఎలిజబెత్ రాణికి భయం. అందుకని ఆమెని మర్యాదగా బంధించి ఉంచే బాధ్యత ష్రూస్‌బరీ ప్రభువు మీద పెట్టింది. 1569 నుంచి 1584 దాకా, పదిహేనేళ్ళు! ఖైదీ అయినా రాణి రాణే కదా, ఆమె పరివారమంతా వీళ్ళ నెత్తిన. ప్రభుత్వమిచ్చే భత్యం ఏ మూలకీ చాలేది కాదు. మొదట్లో బెస్, మేరీ పక్కపక్కన కూర్చుని ఎంబ్రాయిడరీ చేసుకునేవాళ్ళు. పక్షులు, జంతువులు, చెట్లు కుట్టిన ఆ గుడ్డలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. కానీ పదిహేనేళ్ళు ఇల్లే జైలైతే ఏ కాపురం నిలుస్తుంది? ఖర్చులు, అనుమానాలు, పుకార్లు కలిసి భార్యాభర్తల మధ్య పెద్ద అగాధం తవ్వేశాయి.

ఇక్కడ అప్పటి ఇంగ్లండు చట్టం గురించి ఒక్క మాట చెప్పాలి. పెళ్ళయిన స్త్రీకి విడిగా ఆస్తి ఉండదు. ఆమె తెచ్చుకున్న భూముల మీద, ఆమె చేతిలో డబ్బు మీద అజమాయిషీ భర్తదే. ఈ పద్ధతి అక్కడ 1882 దాకా పూర్తిగా మారలేదు. బెస్ ముందుచూపుతో 1572లో ఒక దస్తావేజు రాయించి, తను తెచ్చిన భూముల్ని తన కొడుకుల పేరు మీదికి మార్పించుకుంది. గొడవలు ముదిరాక ఆ దస్తావేజు చెల్లదన్నాడు భర్త. ముప్పయ్యేళ్ళుగా ఆవిడ ఇటుక ఇటుకా చూసి కట్టించిన చాట్స్‌వర్త్ తనదేనన్నాడు. 1584లో బెస్ ఆ ఇల్లు వదిలేసి పుట్టింటికి వచ్చేసింది.

పుట్టిల్లంటే తోబుట్టువులు నడిపే ఇల్లు కాదు. ఆవిడ అన్నదమ్ముడు జేమ్స్ అప్పుల్లో మునిగి, 1581లో జైల్లోనే పోయాడు. అమ్మకానికొచ్చిన హార్డ్‌విక్‌ని 1583లో 9,500 పౌండ్లిచ్చి కొడుకు పేరుతో కొనిపించింది. కూతురిగా తనకి రాని ఇంటిని కొనుక్కోవాల్సి వచ్చిందన్నమాట! అక్కడున్న పాత ఇంటిని పెంచి కట్టడం మొదలుపెట్టింది. మరోవైపు దావాలు నడిచాయి. రాణి వేసిన విచారణ సంఘం 1587లో ఎక్కువ భాగం బెస్ వైపే మొగ్గింది. కానీ మనసులు కలవలేదు. 1590 నవంబరులో ప్రభువు చనిపోయాడు. పెద్ద వితంతు వాటాతో బెస్ దేశంలో రాణిగారి తర్వాత అంతటి ధనికురాలైంది. అప్పటికి ఆవిడకి అరవై మూడేళ్ళుంటాయి. మన లెక్కలో రామకోటి రాసుకునే వయసు. ఆవిడ ఆ పాత ఇంటికి కూతవేటు దూరంలో కొత్త ఇంటికి పునాదులు తవ్విస్తోంది.

గాజంటే బంగారమే

ఆ కొత్త ఇంటిని చూసి ఆశ్చర్యపోవాలంటే అప్పట్లో గాజంటే ఏమిటో తెలియాలి. మామూలు వాళ్ళ కిటికీలకి చెక్క తలుపులే. కొందరు నూనెలో తడిపిన గుడ్డ బిగించేవాళ్ళు, కొందరు పల్చగా చెక్కిన కొమ్ము రేకులు. గాజు కావాలంటే ఇసుక, చెట్ల బూడిద కలిపి కొలిమిలో కరిగించి, గొట్టంతో ఊది, బుడగని విప్పి పలకగా సాగదియ్యాలి. పెద్ద పలక రాదు. అరచేయంత ముక్కల్ని వజ్రం ఆకారంలో కోసి, సీసం పట్టీలతో ఒక్కొక్కటీ కూర్చి, చాప అల్లినట్టు కిటికీ అల్లాలి. ఊరెళ్ళేటప్పుడు కిటికీల గాజు ఊడదీయించి జాగ్రత్త చేయించుకున్న ప్రభువులు కూడా ఉన్నారంటే దాని విలువ ఊహించండి.

అలాంటి గాజుతో బెస్ ఇంటి ముఖమంతా నింపేసింది. నమూనా గీసింది రాబర్ట్ స్మైత్‌సన్ అనే మేస్త్రీ. ఆ కాలంలో గొప్ప ఇళ్ళ రూపకర్తల్లో ఆయన పేరే ముందు చెబుతారు. రాయి ఆవిడ కొండలోదే. కలప ఆవిడ అడవిలోది, సీసం ఆవిడ గనుల్లోది, గాజు ఆవిడ సొంత కార్ఖానాలోది. ఖర్చుల పుస్తకంలో పద్దులు తనే సరిచూసి సంతకం పెట్టేది. ఎన్ని కోట్లున్నా కూరగాయల చిట్టీ తిప్పి చూసే ఇల్లాలు మనకి తెలియదా!

ఇల్లు మూడంతస్తులు, పైన ఆరు బురుజులు. కింది అంతస్తులో పనివాళ్ళు, అక్కడ కిటికీలు చిన్నవి. నడిమి అంతస్తులో బెస్ కుటుంబం, అక్కడ ఇంకాస్త పెద్దవి. అన్నిటికంటే పైన రాజులకి తగిన దర్బారు గది, అక్కడ మనిషి ఎత్తుకి ఎన్నో రెట్లున్న కిటికీలు. పైకి వెళ్ళేకొద్దీ వెలుగు పెరుగుతుంది. ఎవరి హోదాకి తగ్గ వెలుగు వాళ్ళకి! ఆ పై అంతస్తులోనే నూట అరవై అడుగులకి పైగా పొడవున్న హాలుంది. వానా మంచూ కురిసే నెలల్లో ఆడవాళ్ళు బయట అడుగుపెట్టలేరు కాబట్టి ఆ హాల్లో నడిచేవాళ్ళు.

గోడ నిండా కిటికీలు పెడితే ఇల్లు నిలబడేదెలా? దీనికి స్మైత్‌సన్ చేసిన ఏర్పాటు చక్కగా ఉంటుంది. ఇంటి నడుమ నిలువునా వెన్నెముకలాగా ఒక మందపాటి గోడ వేశాడు. బరువు చాలావరకు అది మోస్తుంది. చలిమంటల పొగగొట్టాలు మామూలుగా బయటి గోడల్లో ఉంటాయి. వాటిని లోపలి గోడల్లోకి నెట్టేసి, బయటి గోడలు కిటికీలకి వదిలేశాడు. అప్పటికీ ఒకటి రెండు చోట్ల పొగగొట్టం బయటికి రాక తప్పలేదు. వరస చెడకూడదని అక్కడ కూడా గాజు బిగించారు. బయటి నుంచి చూస్తే కిటికీ, వెనకాల మాత్రం గోడే. పెళ్ళివారొస్తే పాత గోడ మీద కొత్త తెర కట్టే తెలివి మనకే ఉందనుకుంటాం!

బురుజుల పైన రాతిలో చెక్కిన రెండక్షరాలు ఆకాశంలోకి నిలబడి ఉంటాయి. ఒకటి ఎలిజబెత్‌కి, రెండోది ష్రూస్‌బరీకి. పైన కిరీటం గుర్తు. మైళ్ళ దూరం నుంచి కనబడతాయి. భర్త బతికుండగా ఎవరిదో తేలని ఇంటి కోసం అన్నేళ్ళు పోట్లాడిన మనిషి, ఈ ఇల్లు ఎవరిదో ఇంకెవరూ అడగక్కర్లేకుండా చేసింది. గొప్పలు పోయిందని అనేవాళ్ళున్నారు. నాకు మాత్రం అది గొప్ప కాదనిపిస్తుంది. స్టీలు గిన్నె మీద పేరు కొట్టించుకుంటాం చూడండి, అలాంటి జాగ్రత్త అది.

వెలుగుకి ఖరీదు

1597 అక్టోబరులో ఆవిడ కొత్త ఇంట్లో కాలుపెట్టింది. డెబ్భయ్యో ఏట గృహప్రవేశం. వెలుగు పుష్కలంగా వచ్చింది. దాంతోపాటు చలీ వచ్చింది. కొండ మీద ఇల్లు, ఒంటిపొర గాజు, సీసం పట్టీల సందుల్లోంచి గాలి. 1601లో ఇంట్లో సామానంతా జాబితా రాయించింది. బెస్ పడకగదిలో మంచం మీద దొంతరలుగా రగ్గులు, కిటికీలకీ తలుపులకీ అడ్డంగా కట్టడానికి మందపాటి దుప్పట్లు ఉన్నాయి అందులో. లోకమంతా చూసి నోరెళ్ళబెట్టిన కిటికీలకి రాత్రయ్యేసరికి ఇంటావిడ దుప్పట్లు కట్టుకుని పడుకునేదన్నమాట.

గోడలకి వేలాడే బొమ్మల తెరలు కూడా చలికి అడ్డే. పొడుగు హాల్లో ఉన్న పదమూడు పెద్ద తెరలు 1592లో మూడు వందల ఇరవై ఆరు పౌండ్లకి కొన్నది. వాటి మీద పాత యజమాని వంశ చిహ్నాలున్నాయి. వాటిని కప్పి తన చిహ్నం వేయించుకోవాలి కాబట్టి ఆ ఖర్చు కింద ధరలో అయిదు పౌండ్లు తగ్గించాలని పట్టుబట్టి తగ్గించుకుంది. ఈ సంగతి చదివినప్పుడు ఆవిడ నాకు పక్కింటి పిన్నిగారిలా అనిపించింది. అంత ఆస్తి ఉండీ అయిదు పౌండ్ల దగ్గర వదల్లేదు!

గాజు చేసే ఇంకో నష్టం ఆలస్యంగా తెలుస్తుంది. ఎండ లోపలికొస్తే రంగులు వెలుస్తాయి. పట్టుదారం పెళుసవుతుంది. ఈ రోజు ఆ ఇంటిని చూసుకుంటున్న నేషనల్ ట్రస్టు వాళ్ళు బెస్ ప్రాణంగా కట్టించుకున్న ఆ కిటికీలకి తెరలు దించి ఉంచాల్సి వస్తోంది, గుడ్డలు పాడవకుండా. ఆ పదమూడు తెరల్ని శుభ్రం చేసి బాగుచేసే పని ఇరవై నాలుగేళ్ళు నడిచి 2023లో పూర్తయింది. మన ఎండలకి పడమటి అద్దం పక్కన పట్టుచీర ఆరేసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

అద్దం వెనక మనవరాలు

చలీ ఎండా సరే. ఆ ఇంటి అసలు ఖరీదు వేరే మనిషి కట్టింది.

1574లో బెస్ తన కూతుర్ని, రాజరక్తం ఉన్న చార్లెస్ స్టూవర్ట్ అనే అబ్బాయికిచ్చి పెళ్ళి చేసింది. మరుసటేడు ఆర్బెల్లా పుట్టింది. ఏడాదికే తండ్రి పోయాడు, ఆరేళ్ళప్పుడు తల్లి పోయింది. అమ్మమ్మే పెంచింది. లాటిన్, గ్రీకు, ఫ్రెంచి చెప్పించింది. ఎలిజబెత్ రాణికి పిల్లల్లేరు. సింహాసనానికి దగ్గరి వారసుల్లో ఈ పిల్ల కూడా ఒకతె. మనవరాలు రాణి అవుతుందని అమ్మమ్మ ఆశ. ఆ ఆశే పిల్లకి సంకెలైంది. ఎవరైనా ఎత్తుకుపోతారేమో, రాణి అనుమతి లేకుండా పెళ్ళాడుతుందేమో అని ఆర్బెల్లాని కంట్లో వత్తులేసుకుని కాశారు. పెళ్ళీడు దాటిపోతున్నా అమ్మమ్మ గదిలోనే పడక. చుట్టూ ఎటు చూసినా కిటికీలు. పొలాలు, అడవి, దారిన పోయే బళ్ళు, అన్నీ కనబడతాయి. ఒక్క అడుగు బయటపెట్టడానికి మాత్రం వీల్లేదు.

ఇరవై ఏడేళ్ళొచ్చాక, 1602 చివర్లో, తన పెళ్ళి మాట తనే నడిపించాలని ఒక మనిషిని రహస్యంగా పంపింది. సంగతి రాణిగారికి తెలిసింది. కాపలా ఇంకా బిగిసింది. 1603 మొదట్లో మేనమామ హెన్రీ మనుషుల్ని వెంటబెట్టుకుని దగ్గరి పల్లెకొచ్చాడు. ఆర్బెల్లా గేటు దాకా నడిచి వెళ్ళింది. గేటు తియ్యలేదు. ఆ మార్చిలోనే అమ్మమ్మ కోపంతో వీలునామా నుంచి మనవరాలి పేరు కొట్టేసింది. కొద్దిరోజులకే రాణి చనిపోయింది, సింహాసనం స్కాట్లండు రాజు జేమ్స్‌కి వెళ్ళింది. ఆర్బెల్లా ఆ ఇల్లు వదిలింది. తర్వాత 1610లో మనసుకి నచ్చినవాణ్ణి రహస్యంగా పెళ్ళాడి, మగవేషంలో పారిపోబోయి సముద్రం మీద పట్టుబడి, 1615లో లండన్ టవర్ ఖైదులో చనిపోయింది.

ఈ భాగం చదివినప్పుడల్లా నాకు బెస్ మీద కోపం వస్తుంది. ఆస్తి తన చేతిలో లేకపోతే ఆడదాని బతుకెలా ఉంటుందో తెలిసిన మనిషి! మేరీ రాణికి పదిహేనేళ్ళు కాపలా ఉండి, కిటికీ పక్కన కూర్చుని సూది పట్టుకున్న ఖైదీని కళ్ళారా చూసిన మనిషి! సొంత మనవరాలి దగ్గరికొచ్చేసరికి అదంతా ఏమైంది? రాణిగారి ఆజ్ఞ మీరితే తల పోయే కాలం, నిజమే. ఆవిడ భయమూ అబద్ధం కాదు. పిల్లని కాపాడుతున్నాననే అనుకుని ఉంటుంది. కూతుళ్ళ విషయంలో మనం చేసేవీ చాలావరకు ఆ మాట మీద చేసేవే కదా!

బెస్ 1608 ఫిబ్రవరిలో, ఎనభై దాటిన వయసులో కన్నుమూసింది. ఇల్లు కడుతున్నంతకాలం చావు లేదని ఆవిడకి ఎవరో జోస్యం చెప్పారనీ, ఆ చలికాలం మంచుకి పని ఆగిపోవడంతో ప్రాణం పోయిందనీ డెర్బీషైర్‌లో ఒక కథ చెప్పుకుంటారు. డెర్బీ పట్నం చర్చిలో ఆవిడ ముందే కట్టించి పెట్టుకున్న సమాధిలోనే ఖననం చేశారు. ఆవిడ వారసులు తర్వాత చాట్స్‌వర్త్‌లోనే ఎక్కువగా ఉన్నారు. హార్డ్‌విక్‌ని ఎవరూ పెద్దగా మార్చలేదు. అందువల్లే అది చాలావరకు బెస్ వదిలి వెళ్ళినట్టే మిగిలింది. వారసత్వపు పన్ను కింద 1956లో ప్రభుత్వానికి వెళ్ళి, 1959లో నేషనల్ ట్రస్టు చేతికొచ్చింది. ఇప్పుడు టిక్కెట్టు కొన్న ఎవరైనా ఆ పొడుగు హాల్లో నడవచ్చు.

ఇళ్ళు కట్టుకుంటున్న చెల్లెళ్ళకి బెస్ కథలోంచి నేను తీసి చెప్పేవి రెండే. కిటికీ ఎంత కావాలో మీరే చెప్పండి. ఎండ ఎటు నుంచి వస్తుందో, తెర ఎక్కడ కావాలో కూడా మీకే బాగా తెలుసు. దస్తావేజు మీద మీ పేరుందో లేదో చూసుకోండి. ఈ రెండూ అయ్యాక, ఆ అద్దం పక్కన కూర్చుని చదువుకునే పిల్ల వైపు ఒక్కసారి చూడండి. బయట అంత లోకం కనిపిస్తున్నప్పుడు వెళ్ళాలనిపించడం ఆ పిల్ల తప్పా?